కండ్లు పెట్టిన గుమ్మడికాయ

మా అన్న ఫోటో తీసిన ప్రతిసారీ చివర ఒక మాట అంటాడు. "అయింది, ఇగ కదలండ్రి." ఆ మాట వినేదాకా ఎదుట కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. ఒకసారి తిరుమలగిరి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కొత్త రుమాలు చుట్టుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. అన్న కెమెరాకు మూత పెట్టి, ఆ మాట అనడం మరిచిపోయి, బొమ్మ పడిన గాజు ప్లేటు తీసుకుని చీకటిగదిలోకి వెళ్లాడు. పని ముగించుకుని బయటికి వచ్చేసరికి ఆయన అదే తీరున ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గాని రెప్ప వాల్చలేదు.

"ఇంక గిట్లనే కూసున్నవేంది తాతా?" అన్నాడు అన్న.

"నువ్వు కదలమనలే గద బిడ్డా."

తెర వెనక వదినా నేనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. వదిన నవ్వితే ఒళ్లంతా ఊగిపోతుంది. ఆ రోజు నీళ్ల బిందె మీద చెయ్యి ఆనించి మరీ నవ్వింది.

మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. బాపు ఇప్పటికీ అక్కడే నేస్తున్నాడు. అన్నకు మాత్రం మగ్గం మీద కాలు నిలవలేదు. హైదరాబాదులో ఫోటోల పని నేర్చుకుని, నల్లగొండలో బస్సులు ఆగేచోటికి దగ్గరగా ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ముందు గదిలో తెర, కుర్చీ, కెమెరా. వెనక గదిలో మేం ముగ్గురం. నలుగురి ముందు నాకు మాట రాదు. ఎవరైనా పేరడిగినా గొంతు పట్టేస్తుంది. అందుకని తెర వెనక పని నాకు సరిపోయింది. ప్రింట్లు కడిగి ఆరబెట్టేదాన్ని. సన్నటి పెన్సిలుతో ప్లేటు మీద అమ్మవారి మచ్చలు పూడ్చేదాన్ని, మూసుకుపోయిన కళ్లు తెరిపించేదాన్ని. మిగిలిన పొద్దంతా పుస్తకాలు చదువుకునేదాన్ని. వదినకు చదువు రాదు. సాయంత్రాలు నేను చదివితే వినేది, కథలో ఎవరికైనా ఆపద రాబోతుందంటే "జర ఆగు" అని నా నోరు మూసేది.

ఆ ఏడు వదిన మళ్లీ నెలలతో ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో అయింది. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. అంతకుముందు ఒక రోజంతా కడుపులో కదలిక లేదని, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నానని వదిన నాతో ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఈసారి పుట్టింటికి పంపనని అమ్మ పట్టుబట్టింది. బాపుకు వంట ఎవరు చేస్తారన్న ఆలోచన కూడా లేకుండా బతుకమ్మ పండుగ అయిన వెంటనే మా దగ్గరికి వచ్చేసింది.

ఆ రోజుల్లో అన్న అప్పుడప్పుడు కృష్ణ మీద డ్యాము కడుతున్న చోటికి పోయి వస్తుండేవాడు. అక్కడ మేస్త్రీలు, గుమాస్తాలు గుంపులుగా ఫోటోలు దిగేవారు. అక్కడి ఒక బంగళాలో యంత్రాల పని మీద వచ్చిన తెల్ల ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య గుమ్మడికాయలు తొలిచి, కళ్లూ ముక్కూ నోరూ కోసి, లోపల దీపాలు పెట్టి వరండాలో వరసగా నిలబెట్టిందట. సొంత ఊరికి పంపుకోవడానికి వాటన్నింటికీ అన్నతో ఫోటోలు తీయించుకుంది. అందులో ఒక ప్రింటు అన్న ఇంటికి తెచ్చాడు.

అమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఏంది గిది?"

"గుమ్మడికాయ."

"గుమ్మడికాయకు పండ్లేంది?"

"వాళ్ల దేశంల గీ దినాలల్ల గిట్ల కోసి దీపం పెడ్తరట. సచ్చిపోయినోళ్లు ఇండ్లల్లకు రాకుంట."

"మనం పెత్రమాసకు పెద్దలను పిలిచి బువ్వ పెడ్తం. వాళ్లు భయపెట్టి ఎల్లగొడ్తరా?" అంది అమ్మ. "ఏం మనుషులురా."

అన్న నవ్వాడు. "మనం మాత్రం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడ్తలేమా, రాక్షసుని ముఖం రాసి? గదే గిది. మనం రాస్తం, వాళ్లు కోస్తరు."

"రాసుడు వేరు, కోసుడు వేరు."

కానీ అన్న అప్పటికే నిర్ణయించుకున్నాడు. దీపావళికి ఊరంతా బజారులో తిరుగుతుంది. స్టూడియో ముందు అలాంటి ముఖం ఒకటి వెలుగుతుంటే జనం ఆగుతారు. దాన్నే ఫోటో తీసి గాజు పెట్టెలో పెడితే ఏడాది పొడుగునా ఆగుతారు. అంగడి నుంచి బస్సు మీద వేయించుకుని పెద్ద ఎర్ర గుమ్మడికాయ తెచ్చాడు. దించడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది.

మా ఇళ్లలో నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు కత్తి పెట్టరు. మొదటి దెబ్బ మగవాడు వేయాలి. ఆ తర్వాత ఎవరు ఎన్ని ముక్కలు కోసుకున్నా ఫరవాలేదు. నెలలతో ఉన్న మనిషి ఆ దెబ్బ వినకూడదు, ఆ కాయను చూడకూడదు. ఇవన్నీ అమ్మ మళ్లీ ఒకసారి గుర్తుచేసింది. వదినను వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. అన్న పైభాగం కోసి మూతలా తీశాడు. ముఖం కోయడం నా వంతు. నూలుకు రంగు అంటకుండా కట్టిన ముడులు కోసే చిన్న కత్తి మా ఇంట్లో ఉండేది, దాంతోనే కోశాను. మొదట బొగ్గుతో సగం ముఖం గీశాను, మిగతా సగం దానికి ఎదురుగా, చీర అంచు మీద పువ్వు గీసినట్టు. కాయ గుండ్రం కాబట్టి లెక్క తప్పింది. ఒక కన్ను పెద్దదయింది. నోరు ఒకవైపు పైకి లాగినట్టయింది. పైన మూడు పళ్లు, కింద రెండు.

అమ్మ గడప అవతల నిలబడి చూస్తోంది. "కండ్లు ఆఖరికి పెట్టు బిడ్డా," అంది.

"ఎందుకమ్మా?"

"కండ్లు పెట్టినంక అది కాయ గాదు."

ఆ మాట విన్న తర్వాత కత్తి తిప్పడం కష్టమైంది. మూడు వారాల కిందట బతుకమ్మకు ఇవే తీగల పూలు ఒడినిండా కోసుకొచ్చాం. పువ్వు నడిమి భాగాన్ని గౌరమ్మ అని పసుపు కుంకుమ పెట్టాం. అప్పుడు ఎవరికీ ఏ భయమూ లేదు. తలుపు వెనక నుంచి వదిన అడిగింది, "పిల్లా, గింజలు పారెయ్యకు. ఏయించుకొని తిందాం." అమ్మ గింజలన్నీ బూడిదలో కలిపి దూరంగా పారపోయించింది.

దీపావళి సాయంత్రం వసారా మధ్యలో ఎత్తుపీట వేసి దాన్ని నిలబెట్టాం. లోపల పెద్ద ప్రమిదలో నాలుగు వత్తులు. పొద్దు గూకుతుండగానే వీధిలో జనం చేరారు.

"ఏందిరా గిది, అచ్చం మీ మామ లెక్కుంది."

"మా మామకు గన్ని పండ్లు ఎక్కడివిరా?"

"ఓ ఫోటో అన్నా, దీనికి గూడ పవుడర్ ఏసినవా?"

అన్న వీధిలో కెమెరా నిలబెట్టాడు. వెలుగు చాలా తక్కువ కాబట్టి మూత తీసి చాలాసేపు ఉంచాలి. అంతసేపూ ఏదీ కదలకూడదు, ఇంట్లో దీపం కూడా అడ్డు రాకూడదు. అమ్మ లోపలి దీపాలు తగ్గించింది. జనాన్ని వెనక్కి జరిపి, "సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు అన్న. నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి, మూత తీసి, లోలోపల లెక్కపెట్టసాగాడు. అంతమంది ఉన్న వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దమే వదినను బయటికి తెచ్చింది. అప్పటిదాకా నవ్వులూ మాటలూ వినిపించిన ఇంట్లో ఉన్నట్టుండి దీపాలు తగ్గి, గొంతులు ఆగిపోతే ఎవరికేమైందోనని భయపడిందట. వెనక గది తలుపు తీసుకుని వసారాలోకి వచ్చింది. గుమ్మడికాయకు వెనక వైపు ముఖం లేదు. చీకట్లో అదేమిటో పోల్చుకోలేక ముందుకు నడిచి, వంగి చూసింది. ఆ ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది.

"కదలకు!" అని అరిచాడు అన్న.

వదిన గొంతు వచ్చిన వైపు తిరిగి, కెమెరాకు ఎదురుగా, గుమ్మడికాయకు అడ్డంగా నిలబడిపోయింది. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి. అన్న లెక్క ముగించాడు, మూత పెట్టాడు. "ప్లేటు పాయె" అని గొణుక్కుంటూ ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లాడు. వదిన ఇంకా అలాగే ఉంది. అమ్మ వచ్చి భుజం పట్టి లోపలికి నడిపించుకుపోయింది.

మరునాడు ఆ ప్రింటు తీసింది నేనే. చీకటిగదిలో ఎర్రదీపం కింద కాగితాన్ని మందునీళ్లలో ముంచి పళ్లెం ఊపుతూ నిలబడ్డాను. ముందు చుట్టూ ఉన్న చీకటి వచ్చింది. తర్వాత వసారా గుంజ వచ్చింది. తర్వాత వదిన. కానీ వదిన భుజంలోంచి వెనకున్న తలుపు కనిపిస్తోంది. ముఖం ఉంది, పల్చగా, మంచులోంచి చూసినట్టు. కడుపు ఉండవలసిన చోట కాగితం నల్లబడలేదు. అక్కడ నేను కోసిన నోరు తెల్లగా తెరుచుకుని ఉంది. పైన మూడు పళ్లు, కింద రెండు. వదిన చేతులు ఆ నోటికి రెండు వైపులా ఉన్నాయి, దాన్ని పట్టుకున్నట్టు.

పళ్లెం బల్ల మీద పెట్టి అన్నను పిలిచాను.

అన్న వచ్చి పళ్లెంలోకి వంగి చూశాడు. తర్వాత నచ్చజెప్పాడు. "దీంట్ల ఏం లేదు చెల్లె. సగం సేపు గుమ్మడికాయ ఒక్కటే ఉండె. సగం సేపు మీ వదిన అడ్డమొచ్చె. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డయి. గంతే." నాకు అర్థమైంది. అదే మాట నేనే ఇంకొకరికి చెప్పగలను. అర్థమైతే భయం పోతుందని పుస్తకాలు చదివే మనిషిగా నేను నమ్మేదాన్ని. పోలేదు.

"పగలగొట్టేస్త," అని అన్న ప్లేటు పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. గాజు మీద ఉన్నది నెలలు నిండిన భార్య. అంతసేపూ నాకు నచ్చజెప్పిన మనిషి ప్లేటును మెల్లగా దించి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే సక్కగ చెయ్. ముఖం పెన్సిలుతోని నింపు. కడుపు మీది వెలుగును కత్తితోని గీకి తీసెయ్. మీ వదిన ఫోటో ఏదని అడుగుతాంది."

ముఖం నింపాను. కన్నులు, ముక్కు, నుదుటి బొట్టు, అన్నీ నిలిచేటట్టు చేశాను. కడుపు దగ్గరికి వచ్చేసరికి కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ నోరు పోవాలంటే వదిన కడుపు మీదే కత్తి పెట్టాలి. పెట్టలేకపోయాను.

అన్న డ్యాము దగ్గరి పనికి వెళ్లిపోయాడు. గుమ్మడికాయ మాత్రం ఇంట్లో మిగిలింది. ముఖం పెట్టిన దాన్ని బర్రెలకు వేయకూడదని అమ్మ అంది. నాలుగు బాటలు కలిసేచోట పగలగొట్టాలి, అదీ ఇంటి మగవాడే చేయాలి. అన్న వచ్చేదాకా పెరట్లో గంప కింద పెట్టింది. రోజూ పొద్దున నీళ్లకు పోయినప్పుడు నేను గంప ఎత్తి చూసేదాన్ని. చూడకుండా ఉండలేకపోయేదాన్ని. పెదాలు లోపలికి ముడుచుకుపోతున్నాయి. పెద్ద కన్ను కిందికి జారింది. బూజు తెల్లగా గడ్డంలా వచ్చింది. పండు ముసలి ముఖం నోరు నొక్కుకుని దేనికో ఎదురుచూస్తున్నట్టుండేది.

"ఫోటో ఏది పిల్లా?" అని వదిన అడిగేది.

"ఇంక ఆరలే వదినె."

"నీళ్లల్ల పండబెట్టినవా ఏంది, ఇన్నొద్దులు ఆరకుండ?"

నవ్వేది గాని, నా ముఖంలో ఏం వెతుకుతోందో నాకు తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం వదిన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా చూస్తూ ఉండిపోయింది. అమ్మ ఏమైందని అడిగింది.

"అత్తమ్మా, నిన్నటి సంది కదుల్తలేదు."

అమ్మ చెయ్యి వేసి చూసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ చూసింది. చెంగు దోపుకుని, "రిక్షా తోలుకొస్త. దవాఖానకు పోదం," అని చెప్పుల్లేకుండానే వీధిలోకి పోయింది.

గదిలో వదినా నేనూ మిగిలాం. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. చేతులు రెండూ కడుపు మీద ఉన్నాయి, ఫోటోలో ఉన్నట్టే. "అప్పుడు గూడ గిట్లనే," అంది మెల్లగా.

అప్పుడు నాకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అన్న "కదలకు" అన్నాడు. ఆ మాట విన్నది వదిన ఒక్కతే కాదేమో. మూత పెట్టిన తర్వాత అనవలసిన మాట అన్న అనలేదు. ప్లేటు పాడైందన్న కోపంలో మరిచిపోయాడు. చేతికర్ర పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రెప్ప వేయకుండా కూర్చున్న ఆ ముసలాయన గుర్తొచ్చాడు. ఇంతకన్నా తెలివితక్కువ ఆలోచన లేదని నాకు తెలుసు. అయినా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వదిన కడుపుకు దగ్గరగా వంగాను. గొంతు రాలేదు. రెండోసారికి వచ్చింది.

"అయింది," అన్నాను. "ఇగ కదులు."

వదిన తల తిప్పి చూసింది. "ఎవరితోని మాట్లాడ్తున్నవ్?"

"లోపలున్నోళ్లతోని. అన్న చెప్పుడు మరిచిండు."

కాసేపు నన్నే చూసింది. ఆమెకూ ఆ ముసలాయన గుర్తొచ్చినట్టుంది. పెదవుల దగ్గర మొదలై, ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మంచం కిర్రుమంటోంది, ఒళ్లంతా ఊగిపోతోంది. నాకు నవ్వు రాలేదు. బయట రిక్షా గంట ఇంకా వినిపించలేదు. ఉన్నట్టుండి వదిన నవ్వు తెగిపోయింది.

"ఆగు," అంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కటెముకల కిందికి లాక్కుంది. గోళ్లు దిగాయి. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నా అరచేతి కింద, గుడ్డ చాటున కోడిపిల్ల మెసిలినట్టు, చిన్నగా ఒకటి మెసిలింది.

అమ్మ రిక్షాతో వచ్చేసరికి ఇద్దరమూ ఏడుస్తున్నాం. అది చూసి ఆమె గడపలోనే కూలబడింది. విషయం చెప్పడానికి నాకు మళ్లీ గొంతు రాలేదు. వదినే చెప్పింది.

అయినా దవాఖానకు పోయాం. డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి విని, ఇక ఇంటికి పోవద్దని అక్కడే ఉంచింది. అవి నా జీవితంలో అన్నింటికన్నా పొడుగైన రోజులు. వరండాలో కూర్చుంటే తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ తెల్లటి నోరు కనిపించేది. చివరికి ఒక పొద్దున లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ముందు అది ఎవరిదో, ఎందుకో నాకు తట్టలేదు. అమ్మ మాత్రం వెంటనే చేతులెత్తి మొక్కింది. ఆడపిల్ల. చిన్నది, నల్లటిది, గుప్పిళ్లు విప్పదు.

అన్న డ్యాము నుంచి వచ్చిన రోజే, ఇంకా సంచి దించకుండానే, అమ్మ గంప కిందిది అతని చేతికిచ్చింది. ఎత్తి కొట్టేంత గట్టితనం దానికి మిగల్లేదు. నాలుగు బాటల దగ్గర కింద పెట్టి మడమతో తొక్కానని చెప్పాడు. నేను చూడలేదు.

బాలింత స్నానాలు అయ్యాక వదినకు ఫోటో చూపించాను. ఇక దాచడం నావల్ల కాలేదు. వెలుతురు దగ్గరికి తీసుకుపోయి చూసింది. నోటి మీద వేలు పెట్టి, పళ్లు ఒక్కొక్కటీ తడిమింది. "ఇది నువ్వు కోసిందేనా?" అంది. అవునన్నాను. "నన్ను సూడు, గాలి లెక్కున్న," అంది. తిరిగి నాకిచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని కొంగు కప్పింది. ఆ ప్లేటు ఇప్పటికీ అమ్మ పెట్టె అడుగున చీరల మధ్య ఉంది. పగలగొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. గాజు పెట్టెలో మాత్రం ఒక పెండ్లి జంట ఫోటో పెట్టాం.

పిల్లకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఒక్క చోట నిలవదు. అన్న దానికి తీసిన ప్రతి ఫోటోలోనూ ముఖం ఉండవలసిన చోట పొగలాంటిదే పడుతుంది. ఆ ప్రింట్లు కడుగుతున్నప్పుడు నా గుండె ఒక క్షణం ఆగుతుంది. అయినా కదలకు అని దానితో మా ఇంట్లో ఎవరూ అనరు. అనవద్దని అమ్మ చెప్పింది. చెప్పకపోయినా మేం అనం.

స్టూడియోలో మాత్రం అనక తప్పదు. తెర వెనక ప్లేట్లు తుడుస్తూ నేను వింటూ ఉంటాను. అన్న "కదలొద్దు" అంటాడు, మూత తీస్తాడు, మూత పెడతాడు. నా చెయ్యి పని ఆపేస్తుంది. ఎక్కువసార్లు ఆ రెండో మాట వెంటనే వినిపిస్తుంది. ఎప్పుడైనా తొందరలో మరిచిపోయి లోపలికి వచ్చేస్తే, బయట కూర్చున్నది ఎవరో నాకు కనిపించకపోయినా, నా గొంతు వాళ్లదాకా పోదని తెలిసినా, తెర అంచు పట్టుకుని నేనే అంటాను.

"అయింది. ఇగ కదలండ్రి."